ఎస్టీడీ కోడు తెలిస్తే ఐపీ లెక్క సగం తెలిసినట్టే

బడి కంప్యూటర్లకు చిరునామాలు పంచడం, కలపడం: ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు ఒక పాఠం

గురుబరపల్లి దగ్గర జాతీయ రహదారి మీద నిలబడితే ఒక వైపు కృష్ణగిరి, ఇంకో వైపు హోసూరు. కృష్ణగిరి ల్యాండ్‌లైన్ ఎస్టీడీ కోడు 04343. హోసూరుది 04344. హోసూరు దాటి కర్ణాటకలో అడుగుపెడితే బెంగళూరు కోడు 080. సెల్‌ఫోన్లు వచ్చాక వీటి వాడకం తగ్గింది గానీ మన ఇళ్లలో పెద్దవాళ్లకు ఇవి ఇప్పటికీ నోటికి వచ్చు. కంప్యూటర్ నెట్‌వర్క్‌లో చాలామందిని భయపెట్టే ఒక పాఠానికి ఈ మూడు కోడ్లే మంచి మొదటి మెట్టు.

ముందు ఆ పాఠం అవసరం ఎక్కడ వస్తుందో చూద్దాం. బడిలో కంప్యూటర్ గది ఉంది. ఆఫీసు గదిలో రెండు మూడు కంప్యూటర్లు, ఒక ప్రింటర్ ఉన్నాయి. తరగతి గదుల్లో స్మార్ట్ బోర్డులు, వరండాలో సీసీ కెమెరాలు వచ్చాయి. అన్నిటికీ ఒకే రౌటర్. ఒక రోజు ప్రింటర్ ఉన్నట్టుండి పలకదు. ఇంకో రోజు పిల్లల కంప్యూటర్ తెరమీద ‘ఐపీ అడ్రస్ కాన్‌ఫ్లిక్ట్’ అని వస్తుంది. అంటే రెండు పరికరాలకు ఒకే చిరునామా పడింది. ఒకే తలుపు నంబరున్న రెండు ఇళ్ల మధ్య పోస్ట్‌మ్యాన్ నిలబడిపోయినట్టు సమాచారం ఎటు పోవాలో తెలియక ఆగిపోతుంది. ఇది ఏ ఒక్క బడి కథా కాదు. పరికరాలు ఒక్కొక్కటిగా వచ్చి చేరి, చిరునామాల లెక్క ఎవరూ రాసిపెట్టని ప్రతి చోటా జరిగేదే.

గీత ఎక్కడ గీయాలి?

మన దేశంలో ల్యాండ్‌లైన్ నంబరు, ముందున్న సున్నా తీసేస్తే, మొత్తం 10 అంకెలు. బెంగళూరుకు 80 అనే రెండు అంకెలు ఊరి భాగం, మిగతా 8 అంకెలు ఇంటి భాగం. హోసూరుకు 4344 అనే నాలుగు అంకెలు ఊరి భాగం, మిగతా 6 అంకెలు ఇంటి భాగం. పెద్ద నగరానికి ఫోన్లు ఎక్కువ కాబట్టి ఊరి భాగం పొట్టిగా, ఇంటి భాగం పొడుగ్గా పెట్టారు. చిన్న పట్టణానికి తిరగేశారు. మొత్తం మాత్రం మారలేదు. మారింది ఆ రెండు భాగాల మధ్య గీత.

ఐపీ చిరునామా కూడా ఇంతే. ఇప్పటికీ ఎక్కువగా వాడుకలో ఉన్న నాలుగో వెర్షన్ ఐపీ చిరునామాలో 32 బిట్లు ఉంటాయి. బిట్ అంటే 0 లేదా 1 మాత్రమే పట్టే ఒక గడి. మనం చదవడానికి వీలుగా 8 బిట్లకు ఒక సంఖ్య చొప్పున నాలుగు సంఖ్యలుగా రాస్తారు. ఉదాహరణకు 192.168.10.25. ఒక్కో సంఖ్య 0 నుంచి 255 వరకు ఉండొచ్చు. ఎందుకంటే 2ను 8 సార్లు గుణిస్తే 256 వస్తుంది.

ఈ 32 బిట్లలో ఊరి భాగం ఎంతవరకో చెప్పడానికి చివర ఒక గీటు పెట్టి సంఖ్య రాస్తారు. 192.168.10.0/24 అంటే మొదటి 24 బిట్లు ఊరివి, మిగిలిన 8 బిట్లు ఇళ్లవి. కాబట్టి ఆ ‘ఊరి’లో 256 చిరునామాలు. /25 అని రాస్తే ఇంటి భాగానికి 7 బిట్లే మిగులుతాయి, 128 చిరునామాలు. /23 అంటే 9 బిట్లు, 512 చిరునామాలు. గీత కుడికి ఒక గడి జరిపితే ఊరు రెండుగా చీలుతుంది. ఎడమకు ఒక గడి జరిపితే పక్క ఊరు వచ్చి కలుస్తుంది. చీల్చడాన్ని సబ్‌నెట్టింగ్ అంటారు, కలపడాన్ని సూపర్‌నెట్టింగ్ అంటారు. పేర్లు పెద్దవే గానీ పని ఆ గీతను జరపడమే.

ఇక్కడ ఒక జాగ్రత్త. మన పట్టాల్లో సర్వే నంబరు 45/2 అని ఉంటే గీటు తర్వాతి అంకె ఎన్నో ముక్కో చెబుతుంది. ఐపీలో గీటు తర్వాతి సంఖ్య ముక్క వరుస కాదు, ఊరి భాగం పొడవు. ఆ సంఖ్య పెరిగేకొద్దీ ఇళ్లు తగ్గుతాయి. పిల్లలు ముందుగా తడబడేది ఇక్కడే కాబట్టి మొదటి రోజే చెప్పేయడం మంచిది.

మూడే కొలతలు పెట్టిన రోజులు

ఈ గీత మొదట్లో మన ఇష్టానికి జరిగేది కాదు. 1981 సెప్టెంబరులో ఐపీ నియమావళి ఆర్.ఎఫ్.సి. 791గా వచ్చినప్పుడు సంస్థలకు ఇచ్చే చిరునామాలకు మూడే కొలతలు ఉన్నాయి. ఎ తరగతి తీసుకుంటే 1,67,77,216 చిరునామాలు. బి తరగతికి 65,536. సి తరగతికి 256. వెయ్యి కంప్యూటర్లున్న కళాశాలకు సి చాలదు, బి తీసుకుంటే 64 వేలకు పైగా వృథా. బజారులో పావు కిలో, అర టన్ను, లారీ లోడు తప్ప వేరే తూకం లేకపోతే ఎలా ఉంటుందో అలా ఉండేది. అమెరికాలోని ఎం.ఐ.టి. అనే ఒక్క విద్యాసంస్థకు 18తో మొదలయ్యే ఎ తరగతి మొత్తం దక్కింది.

1985 ఆగస్టులో జెఫ్ మోగుల్, జాన్ పోస్టెల్ రాసిన ఆర్.ఎఫ్.సి. 950 మొదటి సడలింపు తెచ్చింది. ఒక సంస్థ తనకు వచ్చిన చిరునామాలను లోపల్లోపల ముక్కలు చేసుకోవచ్చు. బయటివాళ్లకు మాత్రం అది ఒకే ముక్కగా కనిపిస్తుంది. అన్నదమ్ములు ఇంట్లో గదులు పంచుకున్నా వీధి తలుపుకు ఒకే నంబరు ఉన్నట్టు.

1990లు వచ్చేసరికి రెండు బాధలు ఒకేసారి ముదిరాయి. బి తరగతి చిరునామాలు అయిపోవచ్చాయి. సి తరగతి ముక్కలు లెక్కకు మిక్కిలి పంచితే, వాటికి దారి చూపే రౌటర్ల పట్టికలు కొండలా పెరుగుతాయి. 1993 సెప్టెంబరులో విన్స్ ఫుల్లర్, టోనీ లీ, జెస్సికా యూ, కన్నన్ వరదన్ రాసిన ఆర్.ఎఫ్.సి. 1519 రెండిటికీ ఒకే మందు చెప్పింది. తరగతులు తీసేసి, గీతను ఎక్కడైనా పెట్టుకోనిచ్చింది. పక్కపక్క ముక్కలను కలిపి ఒకే పేరుతో చెప్పమంది. ఈ పద్ధతి పేరు సైడర్. మనం ఇప్పుడు రాస్తున్న /24, /25 గీట్లు ఆ పద్ధతివే.

ఒక బడి పంపకం

ఇప్పుడు ఒక బడి అనుకుందాం. దాని లోపలి వాడకానికి 192.168.10.0/24 తీసుకున్నాం. 192.168తో మొదలయ్యే చిరునామాలు ముద్దుపేర్ల లాంటివి. ‘చిన్ని’ అని వేల ఇళ్లలో పిలుచుకోవచ్చు, ఎవరింట్లో వాళ్లకు తికమక ఉండదు. అలాగే ఈ చిరునామాలను ఎవరైనా తమ గోడల లోపల వాడుకోవచ్చని 1996లో ఆర్.ఎఫ్.సి. 1918 స్థిరపరచింది. బయటి ఇంటర్నెట్‌లో మాత్రం ఇవి చెల్లవు.

మన దగ్గరున్నవి 256. అవసరాలు ఇవి: తరగతి గదులకు, ఉపాధ్యాయుల ఫోన్లకు, ల్యాప్‌టాప్‌లకు 100. కంప్యూటర్ గదికి 50. ఆఫీసుకు 20. కెమెరాలకు 12.

ముక్కలు 2, 4, 8, 16, 32, 64, 128 ఇలా రెట్టింపు కొలతల్లోనే వస్తాయి. ప్రతి ముక్కలోనూ మొదటి చిరునామా ఆ ముక్క పేరుకే పోతుంది. చివరిది అందరికీ ఒకేసారి చాటింపు వేయడానికి పోతుంది. ఈ రెండూ ఏ పరికరానికీ ఇవ్వకూడదు. అంటే 64 ముక్కలో వాడుకోదగ్గవి 62. వాటిలోనూ ఒకటి రౌటర్‌కు ఇవ్వాలి. బయటికి పోయే సమాచారమంతా ఆ వాకిలి గుండానే పోతుంది.

కాబట్టి 100కు 128 ముక్క, 50కి 64 ముక్క, 20కి 32 ముక్క, 12కు 16 ముక్క చాలు. పెద్ద ముక్క ముందు, చిన్న ముక్క తర్వాత కోయాలి. ఎందుకంటే 64 ముక్క 0, 64, 128, 192 దగ్గర మాత్రమే మొదలవ్వగలదు. 32 ముక్క 32 ఎక్కంలోని సంఖ్య దగ్గరే మొదలవ్వాలి. చిన్నవి ముందు ఎక్కడ పడితే అక్కడ కోస్తే పెద్ద ముక్కకు చోటు మిగలదు.

పంపకం ఇలా తేలుతుంది:

తరగతి గదులు: 192.168.10.0/25. చివరి సంఖ్య 0 నుంచి 127.
కంప్యూటర్ గది: 192.168.10.128/26. 128 నుంచి 191.
ఆఫీసు: 192.168.10.192/27. 192 నుంచి 223.
కెమెరాలు: 192.168.10.224/28. 224 నుంచి 239.
రేపటి అవసరానికి: 192.168.10.240/28. 240 నుంచి 255.

128, 64, 32, 16, 16 కలిపితే 256. ఒక్కటి కూడా వృథా పోలేదు, ఏ రెండూ ఒకదాని మీద ఒకటి పడలేదు.

కంప్యూటర్‌లో ఈ చిరునామా నింపేటప్పుడు ‘సబ్‌నెట్ మాస్క్’ అనే గడి కూడా కనిపిస్తుంది. /24 నుంచి /30 వరకు దాన్ని కనుక్కోవడం తేలిక. మొదటి మూడు సంఖ్యలూ 255. చివరిదానికి 256 నుంచి ముక్క కొలతను తీసేయాలి. 64 ముక్కకు 256 లోంచి 64 తీస్తే 192. కాబట్టి మాస్క్ 255.255.255.192. అదే 32 ముక్కకు 255.255.255.224.

పంపకం వేరు, ప్రహరీ వేరు

ఇలా పంచగానే ఆఫీసులోని మార్కుల జాబితాలు పిల్లల కంప్యూటర్ల నుంచి భద్రంగా ఉన్నాయనుకుంటే పొరపాటు. పంపకం గట్టు వేస్తుంది గానీ ప్రహరీ కట్టదు. అన్ని తీగలూ ఒకే మామూలు స్విచ్‌లో గుచ్చి ఉంటే, చురుకైన పిల్లవాడు తన కంప్యూటర్ చిరునామాను ఆఫీసు ముక్కలోకి మార్చుకుని గట్టు దాటేయగలడు. దీన్ని ఆపాలంటే రెండు పనులు చేయాలి. ఒకటి, ముక్కలను వేర్వేరు దారులుగా విడదీయగల ‘మేనేజ్డ్’ స్విచ్‌లో వీల్యాన్‌లు పెట్టించడం. రెండు, కంప్యూటర్ గది నుంచి ఆఫీసు వైపు ఏదీ పోకూడదని రౌటర్‌లో నియమం రాయించడం. నెట్‌వర్క్ అమర్చే మనిషి వచ్చినప్పుడు ఈ రెండూ చేశారా అని ప్రధానోపాధ్యాయులు అడగాలి. తల్లిదండ్రుల సంఘం సమావేశంలో మీరూ అడగవచ్చు. పిల్లల పుట్టిన తేదీలు, ఆధార్ వివరాలు, ఫోన్ నంబర్లు ఉండేది ఆ ఆఫీసు కంప్యూటర్లలోనే.

కలపడంలో ఉన్న మెలిక

ఇప్పుడు ఒకే యాజమాన్యం కింద నాలుగు బడులున్నాయనుకుందాం. వాటికి 192.168.8.0/24, 192.168.9.0/24, 192.168.10.0/24, 192.168.11.0/24 ఇచ్చారు. నాలుగిటినీ కలిపే పెద్ద రౌటర్ నాలుగు వరుసలు గుర్తు పెట్టుకోనక్కర్లేదు. 192.168.8.0/22 అని ఒక్క వరుస చాలు. అందులో 1,024 చిరునామాలూ వచ్చేస్తాయి.

తపాలా శాఖ చేసేదీ ఇదే. హోసూరు పిన్ కోడు 635109, కృష్ణగిరిది 635001. ఢిల్లీలో ఉత్తరాలు వేరుచేసే చోట ఆరు అంకెలూ చదవాల్సిన పని లేదు. మొదటి 6 చూసి దక్షిణం వైపు పంపితే చాలు. దగ్గరికి వచ్చేకొద్దీ మిగతా అంకెలు చూస్తారు.

అయితే ఏ నాలుగు పడితే ఆ నాలుగు కలవవు. 10, 11, 12, 13 పక్కపక్కనే ఉన్నాయి కదా, వాటినీ ఒక /22 చేద్దామంటే కుదరదు. మూడు నియమాలు గుర్తుంచుకోవాలి. ముక్కలు ఒకే కొలతవై, వరుసగా ఉండాలి. వాటి సంఖ్య 2, 4, 8, 16 ఇలా రెట్టింపు వరుసలో ఉండాలి. మొదటి ముక్క సంఖ్యను ఆ లెక్కతో భాగిస్తే శేషం రాకూడదు. 8ని 4తో భాగిస్తే శేషం లేదు, కలుస్తాయి. 10ని 4తో భాగిస్తే 2 మిగులుతుంది, కలవవు. 10, 11 కలిసి ఒక /23 అవుతాయి. 12, 13 కలిసి ఇంకో /23 అవుతాయి. రెండు వరుసలు రాయాల్సిందే.

ఎందుకో బిట్లు చూస్తే తెలుస్తుంది. 8 అంటే 00001000, 9 అంటే 00001001, 10 అంటే 00001010, 11 అంటే 00001011. నాలుగిటికీ మొదటి ఆరు గడులు ఒకటే. అంతకు ముందున్న 192.168 వి 16 గడులు. 16, 6 కలిపితే 22. అదే /22. కానీ 13 అంటే 00001101. 10తో పోల్చితే ఆరో గడి దగ్గరే దారి వేరైపోయింది.

ఒక గీటు తప్పితే ఏమవుతుంది?

ఈ లెక్కలో తేడా వస్తే బాధ ఒక్క గదికే పరిమితం కాకపోవచ్చు. 2008 ఫిబ్రవరి 24న యూట్యూబ్ ప్రపంచంలో చాలా చోట్ల సుమారు రెండు గంటలు అందకుండా పోయింది. అప్పట్లో యూట్యూబ్ తన చిరునామాలను 208.65.152.0/22 అని కలిపి చాటేది. పాకిస్తాన్‌లో ఆ సైటును ఆపమని ప్రభుత్వం ఆదేశించింది. పాకిస్తాన్ టెలికాం అందులోని ఒక ముక్కను 208.65.153.0/24 అని తనదిగా ప్రకటించుకుంది. దేశం లోపలే ఉండాల్సిన ఆ ప్రకటన, పై సంస్థ వడపోయకపోవడంతో బయటి ప్రపంచానికి పాకింది.

రౌటర్లకు ఒక నియమం ఉంది. రెండు దారులు కనిపిస్తే ఊరి భాగం పొడుగ్గా ఉన్నదాన్నే నమ్మాలి. ‘కృష్ణగిరి జిల్లా’ అన్న మాట కంటే ‘గురుబరపల్లి’ అన్న మాట కచ్చితమైనది కదా. అందుకే /22 చెప్పిన అసలు యజమానిని వదిలి, /24 చెప్పినవాడి వెంట రౌటర్లు పోయాయి. యూట్యూబ్ కూడా అదే నియమంతో బదులిచ్చింది. ముందు /24, ఆ తర్వాత రెండు /25 ముక్కలు ప్రకటించింది. చివరకు తప్పు ప్రకటనను పై సంస్థ ఆపేయడంతో దారులు సరిపడ్డాయి.

ఎందుకింత పొదుపు?

32 బిట్లతో వచ్చే మొత్తం చిరునామాలు సుమారు 429 కోట్లు. ప్రపంచ జనాభాకు తలకొకటి కూడా రాదు. 2011 ఫిబ్రవరి 3న ప్రపంచ స్థాయి నిల్వ ఖాళీ అయింది. అదే ఏడాది ఏప్రిల్ 15న మన ఆసియా పసిఫిక్ ప్రాంతం తన చివరి నిల్వకు చేరింది. ఆ తర్వాత ఒక్కో సంస్థకు ఆ నిల్వ నుంచి గరిష్ఠంగా ఒక /22, అంటే 1,024 చిరునామాలే ఇచ్చారు. 2019లో దాన్ని /23కి, అంటే 512కు తగ్గించారు. ముందు వచ్చిన ఎం.ఐ.టి.కి కోటీ 67 లక్షలు దక్కిన చోట, వెనక వచ్చినవారికి 512. భారత్‌లో ఈ పంపకం చూసేది నిక్సి సంస్థ కింద 2012 నుంచి పనిచేస్తున్న ఇరిన్.

అసలు పరిష్కారంగా 128 బిట్ల ఆరో వెర్షన్ వచ్చింది. అందులో ఒక సంస్థకు /48 ఇస్తే, /64 కొలత ముక్కలు 65,536 చేసుకోవచ్చు. చిరునామాల కరువు తీరుతుంది గానీ గీత గీసే లెక్క పోదు. అక్కడా పంచాలి, అక్కడా కలపాలి.

‘మా పిల్లలకు ఇదంతా ఎందుకు సార్?’

హోసూరులోనో గురుబరపల్లిలోనో సిప్కాట్ కర్మాగారంలో పనికి చేరే పిల్లలున్న ఇళ్లలో ఈ ప్రశ్న సహజమే. నేటి కర్మాగారంలో యంత్రాలు, కెమెరాలు, బార్‌కోడ్ స్కానర్లు అన్నిటికీ ఇలాంటి చిరునామాలుంటాయి. యంత్రం ఆగినప్పుడు ఎవరినో పిలిచి ఎదురుచూసే మనిషి ఒకరు, చిరునామా చూసి తప్పు పట్టుకునే మనిషి ఒకరు. రెండో మనిషి కావడానికి కావలసిన లెక్క రెండుతో గుణించడం, రెండుతో భాగించడం. అది మన పిల్లలకు తెలుగులో ఎప్పుడో వచ్చు. పదకొండో తరగతి కంప్యూటర్ సైన్స్‌లో ద్విసంఖ్యామానం ఎదురైనప్పుడు ఇంగ్లీషు మాటలు చూసి బెదరకుండా ఉండాలంటే, ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో ఆ ఆలోచన తల్లి భాషలో ఒకసారి మనసుకు ఎక్కాలి. సబ్‌నెట్, మాస్క్, రౌటర్ అన్న మాటలు అలాగే ఉండనివ్వండి. వివరణ మాత్రం ఊరు, ఇల్లు, గట్టు, వాకిలి, చాటింపు అని మన మాటల్లో చెప్పండి.

బడికి ఒక చిన్న పని. ఒక నోటు పుస్తకంలో ఏ ముక్క ఏ గదికి, ఏ చిరునామా ఏ పరికరానికి అని తెలుగులో రాసి ఆఫీసు బీరువాలో పెట్టండి. పరికరం మారిన ప్రతిసారీ తేదీ వేసి దిద్దండి. కంప్యూటర్ సంగతి చూసే మాస్టారు బదిలీ అయి వెళ్లినా లెక్క ఆయనతో వెళ్లిపోకూడదు.

పిల్లలతో చేయించండి

1. 192.168.20.0/24ను నాలుగు సమాన ముక్కలు చేయండి. (/26 ముక్కలు నాలుగు. మొదలయ్యేవి 0, 64, 128, 192 దగ్గర.)

2. కంప్యూటర్ గదిలో 30 కంప్యూటర్లు, ఒక రౌటర్ ఉన్నాయి. 32 ముక్క సరిపోతుందా? (సరిపోదు. 32లో వాడుకోదగ్గవి 30, కావలసినవి 31. కాబట్టి 64 ముక్క తీసుకోవాలి.)

3. 192.168.4.0/24 నుంచి 192.168.7.0/24 వరకు నాలుగు ముక్కలను ఒకటిగా కలపవచ్చా? (కలపవచ్చు. 4ను 4తో భాగిస్తే శేషం లేదు. జవాబు 192.168.4.0/22.)

4. 192.168.5.0/24, 192.168.6.0/24 పక్కపక్కనే ఉన్నాయి. ఒక /23గా కలుస్తాయా? (కలవవు. 5ను 2తో భాగిస్తే 1 మిగులుతుంది.)